షేర్లు కూలిన ఏడు రుమెట్ ఇంటి లొలొయ్

మన దీవిలో, కొకోపో సంతలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూనే ఉంది. షేర్లు కూలిన ఏడు సున్నం రుమెట్ అంత నిబ్బరంగా కూర్చుందంటే, అది ధైర్యం కాదట. ఆమెకు సంగతే తెలియదట. చదువురాని మనిషి, పేపరు చూడదు, ధర సగానికి సగం పడిందని ఆమెకు చెప్పేవాళ్ళు లేరు, అందుకే అమ్మకుండా ఊరుకుంది, ఆ తర్వాత గాలివాటుగా కలిసొచ్చింది, అంతేనట. ఈ మాట పుట్టించిన వాళ్ళెవరో తెలియక కాదు. కానీ వాళ్ళ పిల్లలు ఆదివారం చర్చిలో చక్కగా పాటలు పాడుతున్నారు. పాపం, పేర్లెందుకు.

ఉన్నమాట ఏమిటంటే, రుమెట్‌కి చదువు వచ్చు. మటుపిట్ దీవి మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. సున్నపు బట్టీ పక్కన పాక గుంజకు రేడియో వేలాడదీసుకుని, సాయంత్రం కోకో ధర, కొబ్బరి ధర చెప్పాక చివర్లో షేర్ల ధరలు చెప్పేదాకా వినకుండా పొయ్యి దగ్గరికి పోయేది కాదు. ఓడల కంపెనీ షేరు పడిందన్న కబురు ఆ వాడలో అందరికంటే ముందు చేరింది ఆమె చెవికే. తెలిసి తెలిసి ఎలా కూర్చుందో చెప్పాలంటే ఆమె చెల్లెలు ఎస్తా సంగతి చెప్పాలి. ఆ ఏడు అక్క మీద అందరికంటే ఎక్కువ కారాలూ మిరియాలూ నూరింది ఎస్తాయే.

అక్కాచెల్లెళ్ళిద్దరూ మటుపిట్‌లో పుట్టారు. నిప్పుకొండ కింద వెచ్చటి ఇసుకలో అడవికోళ్ళు పాతిపెట్టిన గుడ్లు తవ్వి అమ్మేవాడు వాళ్ళ నాన్న. కొండ పగిలి బూడిద కురిసిన ఏడాది, కట్టుబట్టలతో పడవెక్కి కొకోపో పక్కకు వచ్చేశారు. రుమెట్ భర్త అంతకు ముందే పోయాడు. పిల్లల్లేరు. చెల్లెలి పిల్లలే ఆమె పిల్లలు. మన వాడల్లో తల్లివైపే వంశం గనుక అది వేరుగా చెప్పుకోవాల్సిన పని కూడా లేదు. ఎస్తా మొగుడు మరుమ్‌కి నాలుగు కోకో చెట్లుండేవి. రుమెట్‌కి చెట్లు లేవు, చేతులున్నాయి. సముద్రపు పగడపు రాళ్ళు ఏరుకొచ్చి, కట్టెల మీద పేర్చి కాల్చి, నీళ్ళు చల్లి, తెల్లటి పొడిగా జల్లించి అమ్మేది. వక్క నమిలే ప్రతి నోటికీ సున్నం కావాలి కదా. ఆమె సున్నం నాలుకను కోయదనీ, పండించాల్సినంత ఎర్రగా పండిస్తుందనీ పేరు.

సున్నానికి కొందరు సర్కారు కీనా నోట్లిచ్చేవాళ్ళు, కొందరు తాతలనాటి డబ్బయిన గవ్వలిచ్చేవాళ్ళు. నోట్లు బియ్యానికీ సబ్బుకీ పోయేవి. గవ్వలు మాత్రం పోయేవి కావు. సన్నటి బెత్తపు పుల్లలకు గుచ్చి, ఒకదాని వెంట ఒకటి అతికి, బార మీద బార చుట్టుకుంటూ పోయింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చుట్ట లారీ చక్రమంత అయి కూర్చుంది. దాన్నే లొలొయ్ అంటారు. ఎండుటాకులు చుట్టి, తీగతో బిగించి, ఇంటి వాసానికి వేలాడదీసింది. దాన్ని ఎవరూ ముట్టరు. కోసేది ఒకే ఒక్క రోజు, ఆమె పోయిన రోజు. అప్పుడు వచ్చినవాళ్ళందరికీ తలా ఒక ముక్క పంచుతారు. ఆ ముక్కలే ఫలానా మనిషి బతికిందని చెప్పే సాక్ష్యం. లొలొయ్ లేకుండా పోయినవాళ్ళ పేరు మట్టి కప్పేలోపే మరిచిపోతారు. బతికుండగా తనది తానే కోసుకున్నవాళ్ళ పేరు మాత్రం మరిచిపోరు, నలభై ఏళ్ళు చెప్పుకుని నవ్వుతారు.

షేర్ల కథ మొదలయింది చర్చి మైదానంలో. దీవుల మధ్య సరుకులు తిప్పే ఓడల కంపెనీ వాళ్ళు గొడుగులు వేసుకుని, బల్లలు పరుచుకుని కూర్చున్నారు. జనం బిస్కెట్లు తిని వెళ్ళిపోతుంటే రుమెట్ మాత్రం బల్ల ముందు నిలబడి, ఓడలెన్ని, ఏ రేవుకు పోతాయి, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తాయా అని అడిగి అడిగి ఆ కుర్రాడికి చెమటలు పట్టించింది. చివరికి తన సున్నం డబ్బూ, ఎస్తా కోకో డబ్బూ కలిపి కొన్నది. కాగితం ఇద్దరి పేర్ల మీదా ఉంది. అమ్మాలంటే ఇద్దరూ సంతకం చెయ్యాలి.

సంతలో వేరుశెనక్కాయలమ్మే రెల్వి ఊరుకుంటుందా? ఆమె బల్ల రుమెట్ బల్ల పక్కనే.

"ఏమే రుమెట్, ఓడ కొన్నావంట! ఏ ముక్క నీదే? తెడ్డా, లంగరా?"

"పొగగొట్టం," అంది రుమెట్. "నువ్వు ఇంట్లో కూర్చున్నా కనపడాలని."

నవ్వుతూనే రెల్వి కూడా తర్వాతి నెలలో కొన్నది. ఆ తర్వాత సంతలో సగం మంది కొన్నారు. మంచి రోజులవి. ఏడాదికి రెండుసార్లు డివిడెండ్ వచ్చేది, ధర కొబ్బరిమొక్కలా పెరిగేది. అఖాతంలోకి ఓడ వచ్చినప్పుడల్లా రెల్వి కొంగు ఊపుతూ "మా ఓడ, మా ఓడ" అనేది. ఎస్తా అయితే అప్పుడే కూతురు నోలీన్‌ని నర్సు చేసేసింది. రెండేళ్ళలో పిల్ల చదువు అయిపోతుంది, నర్సింగు కాలేజీకి పంపాలి, ఆ ఫీజులకే ఈ షేర్లు. వాడంతా చెప్పుకొచ్చింది. తెల్ల బట్టలు కూడా తానే కుడతానంది.

ఆ ఏడే షేర్లు కూలాయి. ఎక్కడో పెద్ద దేశంలో ఇళ్ళ అప్పులు చెడిపోయాయట, ఆ దెబ్బకు ప్రపంచంలో బజార్లన్నీ పడ్డాయట. కొకోపోలో ఒక్క ఇల్లూ పడలేదు, ఒక్క ఓడా మునగలేదు. అయినా వారం వారం ధర జారింది. మొదట జనం నమ్మలేదు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత పరుగెత్తారు. అమ్మినవాళ్ళు ఆ డబ్బుతో ఏం చేశారో చూడాలి. ఈ తప్పు మనవాళ్ళు తప్ప ఇంకెవ్వరూ చెయ్యరు. అందరూ కట్టగట్టుకుని గవ్వలు కొన్నారు!

"కాగితం కాలిపోతుంది, గవ్వ కాలదే," అని రెల్వి సంతలో ఉపన్యాసం. "మా అమ్మమ్మ కాలం నుంచి గవ్వ ఎప్పుడైనా పడిందా? తాతలు తెలివితక్కువ వాళ్ళా?"

షేరు అమ్మేవాళ్ళు పెరిగేకొద్దీ షేరు చవకయింది, గవ్వ కొనేవాళ్ళు పెరిగేకొద్దీ గవ్వ మండిపోయింది. బార గవ్వలు రెండింతలకు, ఆ పైకి పోయాయి. ఇంట్లో పాత దండలున్న ముసలమ్మలకు ఒక్కసారిగా చుట్టాలు పుట్టుకొచ్చారు. రెల్వి ఒకరోజు రుమెట్ ఇంటికి కూడా వచ్చి, వాసం వంక చూస్తూ గొంతు తగ్గించింది.

"సగం కాదు, ఓ మూల ముక్క ఇయ్యవే. నువ్వడిగినంత ఇస్తా. ఎవరికీ చెప్పను."

"ముందు నన్ను చంపు," అంది రుమెట్. "తర్వాత వచ్చి అందరితో పాటు వరసలో నిలబడు. నీకు బెత్తెడు ఎక్కువ పెట్టమని మా నోలీన్‌కి చెప్పిపోతాలే."

ఆ రోజుల్లోనే ఒక బట్టీ సున్నం చెడింది. సగం పచ్చిగా, నాలుక మీద రాయిలా తగిలింది. ఇన్నేళ్ళలో మొదటిసారి కొన్నవాళ్ళు తెచ్చి తిరిగిచ్చారు. వానకు కట్టెలు తడిశాయేమో అనుకున్నారందరూ.

ఇక ఎస్తా ఇంట్లో మరుమ్ పోరు ఎక్కువయింది. అతని మేనమామ మంచంలో ఉన్నాడు, ఇవాళా రేపా అన్నట్టున్నాడు. మేనమామ పోయిన రోజున మేనల్లుడు గవ్వలతో నిలబడకపోతే తల ఎత్తుకోలేడు. "అమ్మేసి రావే, ఉన్న కాస్తయినా దక్కుతుంది. గవ్వలు కొందాం. మామకీ సరిపోతాయి, మిగిలితే నీ కూతురికీ ఉంటాయి," అని పొద్దస్తమానం అదే పాట. ఎస్తాకి ఆ పాట కంటే రేడియో ఎక్కువ భయం పెట్టింది. నోలీన్ చదువు నీళ్ళల్లో ఉప్పులా కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎలా? చివరికి అమ్మకం కాగితం తెచ్చుకుని, తన సంతకం పెట్టేసి, అక్క బట్టీ దగ్గరికి పోయింది.

రుమెట్ జల్లెడ పడుతోంది. మోచేతుల దాకా తెలుపు.

"సంతకం పెట్టక్కా."

"దేనికే?"

"నీకు తెలీదా దేనికో! రోజూ వింటున్నావుగా."

"ఓడలు ఆగాయా?"

"ఓడలు ఆగలేదు. ధర ఆగట్లేదు!"

"నిన్న రేవులో చూశావా? కోకో మూటలెత్తుకుని ఓడ ఎంత లోతుకు కూర్చుందో. డివిడెండ్ కాస్త తగ్గించారు గానీ ఇచ్చారుగా."

"ఆ డివిడెండ్‌తో టోపీ కొనొచ్చు, నర్సు టోపీ. కాలేజీ కొనలేం." ఎస్తా కాగితం ముందుకు చాచింది. "ధర ఇంకా పడితే? సున్నా అయితే? నువ్వు చెప్పావని కొన్నాను. అందరూ అమ్మేసి ఒడ్డునపడ్డారు, మనమే మిగిలాం వెర్రివాళ్ళలా."

"అందరూ ఒడ్డునపడ్డారో, ఒకే పడవెక్కారో."

"సామెతలు వద్దక్కా! నీకేం, నీకు చదివించాల్సిన పిల్ల లేదు. పోతే నీది పోతుంది. నాది పోతే పిల్ల బతుకు పోతుంది."

ఆ మాట నోరు దాటాక ఎస్తాకి తెలిసింది ఏమన్నదో. రుమెట్ జల్లెడ కింద పెట్టలేదు, తలెత్తలేదు. అలాగే జల్లించింది. తెల్లటి పొడి సన్నగా రాలుతూ ఉంది. ఎస్తా కాగితం మడిచి నడుముకు దోపుకుని వెళ్ళిపోయింది. దారంతా ఏడ్చిందో తిట్టుకుందో ఆమెకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే వాడంతా గుమ్మాల్లోకి వచ్చింది. రుమెట్ తన లొలొయ్‌ని భుజానికెత్తుకుని, దాని బరువుకు ఒక పక్కకు ఒరిగి, వీధి మధ్యనుంచి నడిచి వస్తోంది. చావు లేకుండా లొలొయ్ వీధిలోకి రావడం ఎవరు చూశారు? కుక్కలు కూడా మొరగలేదు. తిన్నగా ఎస్తా ఇంట్లోకి వచ్చి చాప మీద దించి, ఊపిరి తీసుకుంది.

"మరుమూ, ఆ వాసానికి గట్టి తాడు కట్టు."

"ఇదేంటి వదినా?" అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"నోలీన్ ఫీజు." చెల్లెలి వైపు తిరిగింది. "పిల్లకు సీటు వచ్చిన రోజున షేర్ల డబ్బు చాలకపోతే ఇది కోసుకో. ఎంత కావాలంటే అంత. నేను అడగను. అప్పటిదాకా నా సంతకం అడగకు."

"అక్కా, ఇది కోస్తే నీకేం మిగులుతుందే? నువ్వు పోయినరోజు..."

"పోయినదానికి సిగ్గేంటి? సిగ్గు బతికున్నవాళ్ళకి. మీరు చూసుకోండి." గుమ్మం దాటబోతూ, "నాకు పిల్ల లేదన్నావుగా. ఇదిగో, ఉంది," అని చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి లొలొయ్ ఎస్తా నెత్తి మీద వేలాడింది. నిద్ర లేస్తే అదే, పొయ్యి రాజేస్తే అదే. అప్పటిదాకా రేడియోలో ధర పడితే తన డబ్బు పోతోందని ఏడ్చేది. ఇప్పుడు ధర పడితే అక్క చావు చిన్నదవుతోందని ఏడ్చేది. అమ్ముదామని మళ్ళీ అనుకోవాలన్నా భయమేసింది. ఇవాళ ఈ ధరకు అమ్మితే చాలదన్నది ఖాయం. చాలకపోతే కత్తి వాసానికే పోవాలి. అందుకని అమ్మకం కాగితాన్ని పొయ్యిలో వేసింది.

అంతలో మరుమ్ మేనమామ పోయాడు. ఊరంతా గవ్వల కరువు. కొందామంటే ధర నిప్పు. మరుమ్ ఇంట్లో అటూ ఇటూ తిరిగి, వాసం కింద ఆగాడు.

"నాలుగంటే నాలుగు బారలే ఎస్తా. పైన ఆకుల కింద ఎవరికి కనపడుతుంది? మళ్ళీ కొని అతికిద్దాం."

"ఏమయ్యా, నీ మేనమామ కోసం మా అమ్మ వంశం లొలొయ్ కోస్తావా?" ఎస్తా చేతిలో గరిటె ఉంది, దించలేదు. "రేపు మా అక్క పోతే, మీ మామ చావులో పంచింది నా లొలొయ్యేనా అని లేచి కూర్చుని అడుగుతుంది. అప్పుడు నువ్వే జవాబు చెప్పుకో."

"అడిగినా అడుగుతుంది మహాతల్లి," అని మరుమ్ కూలబడ్డాడు. తన వంశం వాళ్ళ దగ్గరికి పోయి, మాట పడి, దండలు బదులు తెచ్చుకున్నాడు. తక్కువే తెచ్చాడు. ఎవరో ఏదో అన్నారు. ఆ మాట నెలలోపే పాతబడిపోయింది.

ఆ చావు దగ్గర ఎస్తా ఒకటి గమనించింది. పెద్దాయన లొలొయ్ దించి, ఆకులు విప్పి, కోసి పంచుతుంటే అంతమంది చేతులు చాచారు. బార ఈ వారం ఎంత పలుకుతోందని ఒక్కరూ అడగలేదు. "ఎక్కడా కోసి అతికిన గుర్తు లేదే, చివరిదాకా దాచాడు," అని మాత్రం ఒక ముసలాయన పక్కవాడితో అన్నాడు. తన వంతు ముక్కను ఎస్తా జుట్టులో దోపుకుంది. ఇంటికి వచ్చాక రేడియో పెట్టలేదు. ఆ మర్నాడూ పెట్టలేదు. అక్క ఎలాగూ వింటుంది కదా అనుకుంది.

ఏడాది తిరిగేసరికి సొలొమన్ దీవుల నుంచి పడవల నిండా గవ్వలు వచ్చి పడ్డాయి. అంత ధర ఉందని తెలిస్తే రాకుండా ఉంటాయా? బార ధర పాతచోటికే జారింది. రెల్వి రెండుచోట్లా దెబ్బ తిన్నది. కానీ ఆమె తక్కువదా? "నాకేం నష్టమే? మీ అందరి కంటే నా చావు దర్జాగా ఉంటుంది. ఏడవడానికి తయారుగా ఉండండి," అని అదే బల్ల దగ్గర కూర్చుని వేరుశెనక్కాయలు పోస్తూనే ఉంది. ఆ గుండె కూడా మెచ్చుకోవాల్సిందే.

షేరు ఒక్కసారిగా లేవలేదు. ముసలాయన మెట్లెక్కినట్టు, ఓ మెట్టెక్కి ఆగి, మళ్ళీ ఓ మెట్టెక్కింది. పాత శిఖరానికి రాలేదు కూడా. కానీ డివిడెండ్ ఆగలేదు. వచ్చింది వచ్చినట్టు ఎస్తా కదపకుండా దాచింది. నోలీన్‌కి సీటు వచ్చిన రోజున అక్కాచెల్లెళ్ళిద్దరూ సంతకాలు పెట్టి కొన్ని షేర్లు మాత్రం అమ్మారు. దాచిన డివిడెండ్‌తో కలిపితే మొదటి ఏడాది ఫీజుకీ, హాస్టల్‌కీ, ఓడ టిక్కెట్టుకీ సరిపోయింది. మిగతా షేర్లు మిగతా ఏళ్ళ కోసం అలాగే ఉన్నాయి. ఎండుటాకుల మీద ఒక్క గాటు పడలేదు.

నోలీన్ ఓడెక్కే ముందు రోజు, తల్లీకూతుళ్ళు లొలొయ్‌ని కర్రకు తగిలించి చెరో వైపు మోసుకుంటూ రుమెట్ ఇంటికి తెచ్చారు. ఈసారి వీధంతా చప్పట్లు. రుమెట్ అరటికాయలూ చేపలూ కొబ్బరిపాలలో ఉడికించి పెట్టింది. పిల్ల తిని స్నేహితురాళ్ళ దగ్గరికి పరుగెత్తింది. వాసానికి లొలొయ్ మళ్ళీ ఎక్కింది. అక్కాచెల్లెళ్ళు గుమ్మంలో కూర్చుని వక్క పగలగొట్టుకున్నారు. రెండేళ్ళుగా నాలుక చివర ఆగిన మాటను ఎస్తా బయటపెట్టింది.

"అక్కా, నిజం చెప్పు. ఊరంతా పరుగెత్తింది. నేను నిన్ను అనరాని మాట అన్నాను. నీకు ఒక్కరోజైనా భయం వెయ్యలేదా? నన్ను ఆపడానికి నీ చావునే తెచ్చి నా ఇంట్లో వేలాడదీశావే, అంత ధైర్యం ఎక్కడిదే నీకు?"

రుమెట్ ఎర్రగా ఉమ్మి, మూతి తుడుచుకుని, నవ్వింది.

"నిన్ను ఆపడానికి అనుకున్నావా, పిచ్చిదానా! నువ్వు బట్టీ దగ్గరికి వచ్చిన రోజు ఇంకొక్కసారి 'సంతకం పెట్టక్కా' అనుంటే పెట్టేసేదాన్ని. రేడియో వింటూ వింటూ మంట చూసుకోవడం మరిచాను, ఆ బట్టీ సున్నం చెడింది అందుకేనే. అందుకే తెల్లారేసరికి అది తెచ్చి నీ వాసానికి కట్టించాను. అది నీ ఇంట్లో ఉంటే, తక్కువకు అమ్మిన పాపానికి అదే కోసుకోవాలి, ఇంక షేర్లు అమ్మడానికి నాకు చెయ్యి రాదు. నేను కట్టేసింది నన్నేనే."